చిక్కుడు పందిరి పీకేసిన ఆదివారం

అమ్మకు డయాలసిస్ చేయించడానికి అండమాన్ నుంచి హైదరాబాద్ తీసుకొచ్చినప్పుడు, ఆరు నెలలుండి వెళ్ళిపోతాం అనుకున్నాను. ఆసుపత్రికి దగ్గర్లో అద్దెలు మాకు అందేలా లేవు. శంషాబాద్ దాటి కొత్వాల్‌గూడ వైపు వెళ్ళే దారిలో, సగం ఇళ్ళు సగం ఖాళీ ప్లాట్లు ఉన్న ఒక వెంచర్‌లో కింది వాటా దొరికింది. అమ్మ ఏడాదిన్నర బతికింది. ఆమె పోయాక తమ్ముడు ఫోన్ చేసి వచ్చేయమన్నాడు. అప్పటికే నేను శంషాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో హిందీ టీచరుగా చేరి ఉన్నాను. ఏడాది మధ్యలో పిల్లల్ని వదిలేసి రాకూడదు, ఏప్రిల్‌లో వస్తానన్నాను. ఏప్రిల్ వచ్చింది. నేను వెళ్ళలేదు. ఎందుకని తమ్ముడు అడిగితే ఏదో చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, అమ్మ లేకుండా అక్కడ ఓడ దిగి ఆ జెట్టీలో అడుగుపెట్టడం నాకు చేతకాలేదు.

మా తాత శ్రీకాకుళం నుంచి కలప పనికి ఓడెక్కి అండమాన్ వెళ్ళాడు. నాన్న జెట్టీలో సామాను మోసేవాడు. ఇంటి వెనక కొండవాలులో మాకు కాస్త నేల ఉండేది. పైన కొబ్బరి, దాని కింద పోక, పోకచెట్లకు పాకించిన మిరియాల తీగ, ఆ నీడలో అనాస, అల్లం, చేమ. ఇంటి గోడ వారన బర్మా ధనియా. అది కొత్తిమీర వాసన వేసే ముళ్ళ ఆకు, అక్కడ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన. పురుగుల కంటే నత్తలు ఎక్కువ బాధ పెట్టేవి, అరచేతంత నత్తలు. తెల్లవారగానే నేనూ తమ్ముడూ బకెట్ పట్టుకొని ఏరేవాళ్ళం. మా వాలులో ఎప్పుడూ ఏ మందూ చల్లలేదు. కొండ కింద ఒక సన్నటి వాగు పారేది. మా తాగునీళ్ళు అవే. పైన నేలలో ఏది పోసినా వానకు కిందికి దిగి మా బిందెలోకే వస్తుందని నాన్న అనేవాడు. ఇందులో పెద్ద సిద్ధాంతమేమీ లేదు. మా బిందె గురించిన జాగ్రత్త, అంతే.

ఇక్కడ నాకు మాట్లాడే మనుషులు తక్కువ. నా తెలుగు ఎవరిలాగానూ ఉండదు. ఇంట్లో నేర్చుకున్నది పాతకాలపు శ్రీకాకుళం మాట, బయట అండమాన్‌లో అందరం హిందీ మాట్లాడేవాళ్ళం. బడిలో ఒకసారి "ఏటర్రా ఈ గోల?" అన్నానని తరగతి మొత్తం నవ్వింది. ఆ తర్వాత స్టాఫ్ రూములో కూడా ఆచితూచి మాట్లాడేదాన్ని. సాయంత్రం నాలుగున్నరకు ఇంటికి చేరితే మర్నాడు ఉదయం దాకా నోరు విప్పే పని ఉండదు. శనివారం మధ్యాహ్నం చేరితే సోమవారం దాకా ఉండదు. ఒక సోమవారం హాజరు పిలుస్తుంటే మొదటి పేరుకు నా గొంతు పెగల్లేదు. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను.

మా ఇంటి పక్కనే ఒక ఖాళీ ప్లాటు ఉండేది. నాలుగు మూలలా హద్దురాళ్ళు, మధ్యలో పిచ్చి తుమ్మ, ఎవరో పారేసిన ఇటుక ముక్కలు. యజమాని నగరంలో ఉంటాడు. మా ఇంటి ఓనరు ఆయనకు ఫోన్ చేసి అడిగితే, ఇల్లు కట్టేదాకా వాడుకోమన్నాడట. ఆ వేసవి సెలవుల్లో తుమ్మ కొట్టించి, ఇటుకలు ఏరి, నేల తవ్వాను. అమ్మ తన సూట్‌కేసులో చీరల మధ్య తెచ్చిన బర్మా ధనియా పెరట్లో కుండీల్లో ఇంకా బతికే ఉంది. దాన్నీ, తమ్ముడిని అడిగి తెప్పించుకున్న అనాస పిలకల్నీ, చేమ దుంపల్నీ నాటాను. మా వాలులో ఎలా నాటేవాళ్ళమో అలాగే, ఒకదాని నీడలో ఒకటి. కానీ ఇక్కడ పైన నీడ ఇచ్చే చెట్టేదీ లేదు. బోరు నీళ్ళు రెండు పూటలా పోశాను. ఎర్ర నేల నీళ్ళు తాగి, మధ్యాహ్నానికి పెంకులా బిగుసుకుపోయేది. జూన్‌లో వాన పడేలోపే అన్నీ పోయాయి. బర్మా ధనియా అన్నింటికంటే చివర పోయింది.

ఎండిన చేమ ఆకులు పోగుచేస్తుండగా హద్దురాయి దగ్గరి నుంచి ఒక మాట వినిపించింది.

"ఏం వెడ్తున్నవ్ బిడ్డా గీడ?"

డెబ్భై ఏళ్ళుంటాయి ఆమెకు. మోకాళ్ళు వంగి, చేతిలో కర్ర. మా వీధి చివర రెండంతస్తుల కొత్త ఇంట్లో కొడుకుతో ఉంటుంది. ఆమెను రోజూ చూస్తూనే ఉన్నాను గానీ ఎప్పుడూ పలకరించలేదు.

"చేమ పెట్టినానండి. బతకలేదు," అన్నాను.

"చేమ గడ్డనా! గీ చెల్కలనా?" చెల్క అంటే వానకే పండే ఎర్ర నేల అని నాకు తర్వాత తెలిసింది. ఆమె నవ్వలేదు, నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఏ ఊరు మీది?"

చెప్పాను. సముద్రం మధ్యలో అన్నాను.

"అయితే నీకు వానకు కొదవ లేదు. మాకు వాన అంటె నాలుగు దినాలు. గీ నేలకు వాన పడ్డంక పెట్టాలె, దానికి ఏం గావాల్నో గదే పెట్టాలె. నువ్వు పెట్టింది అది తింటదా?"

మర్నాడు ఆమె చీర కొంగులో చిక్కుడు గింజలు, బీర గింజలు, పుంటికూర గింజలు మూటగట్టుకొని వచ్చింది. పుంటికూర అంటే మేము గోంగూర అనేదే. అలా మొదలైంది. నేను ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమె నన్ను ఒకసారి పంతులమ్మా అని, ఒకసారి బిడ్డా అని పిలిచేది.

అవ్వ నాకు నేర్పింది పెద్ద విద్యలేమీ కావు. వాన పడిన రెండో రోజు తవ్వాలి, మొదటి రోజు కాదు. తెల్లారి తడపాలి, ఎండెక్కాక తడిపితే వేరు ఉడికిపోతుంది. చిక్కుడును ఒంటరిగా పెట్టొద్దు, గట్టు మీద కంది పెట్టు, గాలి ఆపుతుంది. ఆమె హద్దురాయి మీద కూర్చొని చెప్పేది, నేను చేసేదాన్ని. మాట మధ్యలో విమానం తలమీదుగా దిగితే అక్కడే ఆపేసి, అది పోయాక ఆపిన చోటి నుంచే మళ్ళీ అందుకునేది. వాళ్ళకు ఇక్కడే మూడెకరాల చెల్క ఉండేదట. జొన్న, కంది, ఆముదం వేసేవాళ్ళట. కొడుకు అమ్మేసి ఇల్లు కట్టాడు. ఇంటి చుట్టూ పోర్టికో దాకా బండలు పరిచారు. "మొక్క వెడుదామంటె మన్ను గనవడ్తలేదు బిడ్డా" అని ఒక్కసారే అంది. ఫిర్యాదులా కూడా అనలేదు.

ఆగస్టులో చిక్కుడు తీగ లేచింది. వెదురు కొనుక్కొచ్చి, పాత కేబుల్ తీగలు కట్టి పందిరి వేశాం. కర్ర ఎత్తి ఏ తీగ ఎటు పోవాలో అవ్వ చూపించేది. సాయంత్రం నాలుగున్నరకు నేను వీధి మలుపు తిరిగేసరికి ఆమె రాయి మీద కూర్చొని ఉండేది. నేను బ్యాగు లోపల పడేసి, రెండు గ్లాసుల్లో టీ పట్టుకొని వచ్చేదాన్ని. ఏదో ఒకటి మాట్లాడుకునేవాళ్ళం. ఏ మొక్క ఎట్లా ఉంది, ఎవరింట్లో బోరు ఎండింది, మా హెడ్మాస్టరమ్మ ఏమంది. ఆమె ముందు "ఏటి" అనడానికి నాకు జంకు ఉండేది కాదు. "ఏటవ్వా?" అంటే "ఏటి లేదు" అని నా మాటనే తిరిగి అనేది, అనుకరణ బాగా కుదిరిందని మురిసిపోయేది.

మందు గురించి ఒకసారి మాట వచ్చింది. ఇక్కడ పురుగుల మందును మందు అనే అంటారు. బీర ఆకుకు చిల్లులు పడినప్పుడు "మందు గొట్టు, వోతది" అంది. "మేము మందు కొట్టమవ్వా" అన్నాను. "అబ్బో, మందు లేక పండుతదా ఏంది!" అని నవ్వింది. నేనూ నవ్వేశాను. ఎందుకు కొట్టమో చెప్పలేదు. వాగు సంగతి, బిందె సంగతి చెప్పలేదు. అప్పుడు రెండు నిమిషాలు కూర్చొని చెప్పి ఉంటే తర్వాత జరిగిందంతా జరిగేది కాదు.

చలికాలం వచ్చేసరికి పందిరి నిండింది. ఊదా పూలు, గుత్తులు గుత్తులుగా కాయ. నేను ఒక్కదాన్నే తినలేక బడికి పట్టుకెళ్ళాను. స్టాఫ్ రూములో నాతో కాస్త దగ్గరగా మసలేది మ్యాథ్స్ టీచరు ఒక్కతే. కోస్తా నుంచి వచ్చి హైదరాబాద్‌లో స్థిరపడిన కుటుంబం వాళ్ళది. ఏడాదిన్నర బాబు ఉన్నాడు. "మందుల్లేని కూరగాయలంటే మా బాబుకి ధైర్యంగా పెట్టొచ్చండీ" అని సంచీ అందుకుంది. వారానికోసారి తీసుకెళ్ళేదాన్ని. ఆ సంచీ ఉన్న రోజు నాకు స్టాఫ్ రూములోకి వెళ్ళడం సులువుగా ఉండేది.

మబ్బులు పట్టిన వారంలో తీగకు పేనుబంక పట్టింది. లేత కొనల మీద నల్లగా, జిగటగా, వేలకు వేలు. నేను ఉదయం లేచి సబ్బు నీళ్ళు కొట్టి, బట్టముక్కతో కొనలు తుడిచేదాన్ని. సాయంత్రానికి మళ్ళీ వచ్చేవి. అవ్వకు చూస్తూ కూర్చోవడం కష్టంగా ఉండేది.

"గిట్ల తుడుసుకుంట గూసుంటె తీగ వోతది పంతులమ్మా. నా మాట ఇను."

"పోనీ అవ్వా, మిగిలినంతే మిగులుతుంది."

"మంచిగ కాసే తీగ బిడ్డా!" అంది. ఆ గొంతులో బాధ నాకు అప్పుడు వినిపించలేదు.

శనివారం ఉదయం బడికి వెళ్ళే ముందు కాయలు కోశాను. నాకు మూడు రోజులుగా జలుబు, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. కొనల మీద పేను తగ్గినట్టనిపించింది. నా సబ్బు నీళ్ళు పనిచేశాయనుకున్నాను. సంచీ నింపి మ్యాథ్స్ టీచరుకు ఇచ్చాను. శనివారం ఒంటిపూట బడి. ఇంటికొచ్చి, తిని, పడుకున్నాను.

సాయంత్రం బయటికి వస్తే అవ్వ రాయి మీద కాకుండా పందిరి కిందే నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

"జూసినవా? ఒక్క పురుగు గూడ లేదు."

"అవునవ్వా, పోయినట్టున్నాయి."

"ఉట్టిగనే వోతయా? నిన్న నువ్వు బడికి వోయినంక మందు దెచ్చిన. పంపు లేకపాయె. బకెట్ల కలిపి వేపమండతోటి జల్లిన. మూడు బకెట్లు! నా చేతులు జూడు."

చేతులు చాచి చూపించింది. అంత పని చేసి ఎన్నేళ్ళయిందో ఆమెకు. నేను ఆ చేతుల్ని చూడలేదు. నాకు కనిపించింది ఒక్కటే, ఆ కాయలు తింటున్న పిల్లవాడు.

లోపలికి పరిగెత్తి ఫోన్ చేశాను. మూడోసారికి మ్యాథ్స్ టీచరు ఎత్తింది. విషయం చెప్పాను.

"మధ్యాహ్నమే వండానండీ. బాబుకి కూడా మెత్తగా చేసి పెట్టాను," అంది.

నన్నేమీ అనలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నామని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రమంతా మంచం అంచున ఫోన్ ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చీకటి పడ్డాక మెసేజ్ వచ్చింది. బాబు బాగానే ఉన్నాడు, డాక్టర్ గారు చూశారు, కంగారు పడకండి అని. నేను ఎన్నిసార్లు క్షమాపణ రాసినా "పర్వాలేదండీ" అనే జవాబిచ్చింది. ఆ తర్వాత ఆమె నా దగ్గర ఎప్పుడూ ఏ కూరగాయా తీసుకోలేదు. మాట మామూలుగానే ఉండేది. సంచీ చూస్తే మాత్రం "ఈవారం ఇంట్లో చాలా ఉన్నాయండీ" అనేది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కొడవలి తీసుకొని ప్లాటులోకి వెళ్ళాను. తీగల్ని మొదళ్ళలో కోసి, పందిరి మీంచి గుంజడం మొదలుపెట్టాను. పూలు, కాయలు, పిందెలు, అన్నీ. వెదురు విరుగుతున్న చప్పుడుకు ఎదురింటివాళ్ళు బాల్కనీలోకి వచ్చి చూశారు. అవ్వ కర్ర చప్పుడు ఎప్పుడు దగ్గరికి వచ్చిందో నేను గమనించలేదు.

"ఏంది బిడ్డా! ఏం జేస్తున్నవ్? పూత మీదున్నది గదా!"

"విషం పోసి, పూత అంటావేటి?" అన్నాను. ఆమె వైపు తిరగను కూడా లేదు. "చిన్న పిల్లోడు తిన్నాడు ఆ కాయలు. తెలుసా నీకు? ఎవరడిగారు నిన్ను? ఇది నీ పొలమా?"

చివరి మాట నోట్లోంచి వచ్చాక గానీ అది ఎంత మాటో నాకు తెలియలేదు. నేను తీగలన్నీ లాగి కుప్పపోసేదాకా అవ్వ రాయి పక్కన నిలబడే ఉంది. కూర్చోలేదు. తర్వాత చూస్తే లేదు.

సోమవారం సాయంత్రం నేను వచ్చేసరికి రాయి మీద ఎవరూ లేరు. టీ ఒక్క గ్లాసే పెట్టుకొని లోపలే తాగాను. అలా ఐదు వారాలు గడిచాయి. ప్లాటులో బీర, పుంటికూర ఉన్నాయి గానీ నేను అటు వెళ్ళడం మానేశాను. నీళ్ళు లేక అవీ వాడిపోయాయి. నేను మళ్ళీ శనివారం నుంచి సోమవారం దాకా నోరు విప్పని మనిషినయ్యాను. ఒక ఆదివారం తమ్ముడికి ఫోన్ చేస్తే, గొంతు అలా ఉందేమని అడిగాడు. జలుబన్నాను.

ఆ ఐదు వారాల్లో అవ్వ నాకు రోజూ కనిపించేది. వీధి మలుపులో, కిరాణా కొట్టు అరుగు దగ్గర కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడేది. సరిగ్గా నేను బడి నుంచి వచ్చే వేళకు. నా మొహంలోకి కళ్ళు చికిలించి చూసేది. కోపంగా చూస్తోందనుకున్నాను. నేను చేసింది తప్పే కావచ్చు, కానీ ముందు తప్పు చేసింది ఆమే కదా అనుకునేదాన్ని. తల తిప్పుకొని, నడక వేగం పెంచి వెళ్ళిపోయేదాన్ని.

ఆరో వారం ఆమె అక్కడ లేదు. రెండు రోజులు చూశాను. మూడో రోజు బ్యాగుతోనే వాళ్ళింటికి వెళ్ళాను. కోడలు గేటు తీసి, "జ్వరమొచ్చింది, ఇప్పుడు తక్కువనే ఉన్నది" అని లోపలికి పంపింది. అవ్వ పోర్టికోలో నవారు మంచం మీద గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. చిక్కిపోయింది. నన్ను చూసి మొదట అడిగిన మాట ఇది:

"పిల్లగానికి ఏం గాలె గదా?"

నాకు అర్థం కాలేదు. "ఏ పిల్లాడు?" అన్నాను.

"గదే, చిక్కుడుకాయ దిన్న పిల్లగాడు. ఎవల నడుగాలె నేను? నాకేం దెలుస్తది? నువ్వు బడి కెల్లి వస్తుంటె రోజు నిలవడి నీ మొకం జూస్తున్న. ఏడ్సినవా, మంచిగున్నవా అని. నువ్వు మొకం దిప్పుకొని వోతున్నవ్. ఏదో అయిందనుకున్న బిడ్డా."

నేను ఆ బండల మీదే కూర్చుండిపోయాను. బాబు ఆ సాయంత్రమే బాగున్నాడని నాకు మెసేజ్ వచ్చింది. ఐదు వారాలు ఆ మాట నా ఫోన్‌లోనే ఉంది. వీధి చివర ఒక ముసలావిడ ఒక పిల్లవాడిని చంపానేమోనని భయపడుతూ నిలబడిందని నాకు తట్టనే లేదు.

"బాగున్నాడవ్వా. ఏటీ అవ్వలేదు. ఆ రోజే డాక్టర్ చూశాడు," అన్నాను. తర్వాత ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

"నా పిల్లలకు ఇరువై ఏండ్లు మందు గొట్టిన కాయనే వెట్టిన," అంది. "మందు గొట్టిన తెల్లారి గోయొద్దని మాకు దెలుసు. వారం ఆగుతుంటిమి. నీకు జెప్తనే అనుకున్న. శుక్రవారం ఇంటికి వోయి పండుకున్న, చెయ్యి లేవలె. శనివారం నువ్వు పొద్దుగాలనే గోస్తవని నాకు యాదికి లేకపాయె. తప్పు నాదే. గని నువ్వు ఒక్క మాట అడుగకుంట గుంజి పారేస్తివి. పూత మీదున్న తీగను."

అప్పుడు చెప్పాను, కొండవాలు గురించి, వాగు గురించి, బిందె గురించి. ఆమె శ్రద్ధగా విన్నది.

"గిది ముందుగాల జెప్పొద్దా?" అంది. "మా అవ్వ కాలంల బూడిద జల్లేది పేనుకు. నాకు దెలువక గాదు. మందు వచ్చినంక బూడిద ఎవలు జల్లుతరు?"

జూన్‌లో మళ్ళీ విత్తాం. మందు ముట్టనని ఆమె ఒట్టేమీ పెట్టలేదు, నేనూ అడగలేదు. బూడిద సమస్య వచ్చింది. వీధి మొత్తానికి గ్యాస్ పొయ్యిలే. చివరికి ఇస్త్రీ బండి అతను బొగ్గు బూడిద ఒక డబ్బాలో దాచి ఇవ్వడం మొదలుపెట్టాడు. పల్చటి గుడ్డలో మూటగట్టి, మంచు ఆరకముందే తీగ మీద దులపాలని అవ్వ చూపించింది. పేను పూర్తిగా పోలేదు. కొంత మాకు, కొంత వాటికి. కాయ మునుపటిలో సగమే వచ్చింది. ఆ సగం ఇద్దరం వండుకున్నాం. బడికి తీసుకెళ్ళలేదు. నిజం చెప్పాలంటే మా మధ్య కూడా మునుపటి చనువు పూర్తిగా రాలేదు. "ఏటి లేదు" అనడం ఆమె మానేసింది. నేను ఏదైనా పని చేయబోయే ముందు ఆమె వైపు చూసేదాన్ని, ఆమె తన వైపు నుంచి "నీ ఇష్టం" అనేది. ఇద్దరం చాలా జాగ్రత్తగా ఉండేవాళ్ళం.

ఆ చలికాలం చివర్లో ప్లాటు యజమాని ఇల్లు మొదలుపెట్టాడు. పది రోజుల ముందే ఫోన్ చేసి చెప్పాడు, మంచివాడు. జేసీబీ వచ్చే ముందు రోజు నేనూ అవ్వా గింజకు వచ్చిన కాయలన్నీ ఏరుకున్నాం. మరో నాలుగు నెలలకు అవ్వ కొడుకు ఆ ఇల్లు ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళకు అద్దెకిచ్చి, పిల్లల చదువుల కోసమని నగరంలోకి మారాడు. అవ్వను తుక్కుగూడలో ఉన్న కూతురింట్లో దింపారు. వెళ్ళే రోజు నేను బడిలో ఉన్నాను.

తర్వాత ఒక్కసారి వెళ్ళాను. రెండు బస్సులు మారి, ఆటో ఎక్కి. ఐదో అంతస్తు. కూతురు టీ ఇచ్చి, మమ్మల్ని బాల్కనీలో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళింది. అవ్వకు చెవి కొంచెం మందగించింది. గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళు వింటారేమోనని నేను తక్కువే మాట్లాడాను.

"ఇప్పుడు ఎవలొస్తున్నరు నీ కాడికి?" అని అడిగింది.

"ఎవరూ రారవ్వా."

"ఎవలు రారని గూసుంటవు. గదే నీ తోటి వచ్చిన తిప్పలు," అంది. "నువ్వు వోవాలె బిడ్డా. నువ్వు ఎప్పుడు వోవు. గప్పుడు గూడ ఐదు వారాలు వట్టింది నీకు, మా ఇంటికి రావడానికి. ఎంత దూరం? నాలుగిండ్లు."

ఆమె అన్నది నిజం. సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చొని ఆ నాలుగిళ్ళను లెక్కపెట్టుకున్నాను. నాలుగు కూడా కాదు, మూడే.

ఇప్పుడు బడిలో బస్సు షెడ్డు వెనక సన్నటి చోటు ఒకటి హెడ్మాస్టరమ్మను అడిగి తీసుకున్నాను. ఆదివారాలు వాచ్‌మన్ దగ్గర తాళం తీసుకొని వెళ్తాను. పుంటికూర బాగా వస్తుంది అక్కడ, దానికి ఎక్కువ మట్టి అక్కర్లేదు. అవ్వ అన్న మాట చాలా రోజులు లోపల తిరిగింది. తిరిగింది గానీ నేను ఎక్కడికీ వెళ్ళలేదు. పోయిన నెలలో మా పై వాటాలోకి ఒడిశా నుంచి ఒక జంట వచ్చింది. భర్తకు ఎయిర్‌పోర్టు కార్గోలో రాత్రి డ్యూటీ. ఆ అమ్మాయి పగలంతా ఒక్కతే మెట్ల మీద కూర్చొని ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. మూడు ఆదివారాలు ఆమెను దాటుకుంటూ వెళ్ళాను. నాలుగో ఆదివారం రెండు పుంటికూర కట్టలు పట్టుకొని మెట్లెక్కాను.

తలుపు తీసింది. తెలుగు రాదంది. నేను హిందీలో మాట్లాడితే మొహం తేలికపడింది. నాక్కూడా ఆ భాషలో తడబాటు ఉండదు. కూర్చోమని కుర్చీ జరిపింది. ఆకు చూసి, ఇది పుల్లగా ఉంటుందా, ఎలా వండాలని అడిగింది. కడిగి, ఆకు తుంచి, పప్పులో వేసి ఉడకబెట్టడమే అని చెప్పాను, పచ్చిమిర్చి ఎన్ని, ఉప్పు ఎప్పుడు వేయాలో అన్నీ. ఆమె తలూపుతూ విన్నది. తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. ఇంకో నిమిషం కూర్చొని, వస్తానని చెప్పి దిగి వచ్చేశాను.